ముప్ఫైఒకటో నంబరు బిళ్ళ

ఆ రోజు లాజరు నడుం తను తడిమి చూసుంటే ఏమయ్యేది?

పద్దెనిమిదేళ్ళుగా విస్సన్నను వదలని సందేహం ఇది. సంధ్య వార్చేటప్పుడు దోసిట్లో నీళ్ళు పట్టుకుని నిలబడితే, ఆ నీళ్ళలో ఈ ప్రశ్నే కనిపించేది. ఏటా ఫాల్గుణంలో కోరుకొండ తీర్థానికి వెళ్ళి, మెట్లన్నీ ఎక్కి, నరసింహస్వామి ముందు చేతులు జోడిస్తే, నోట్లోని శ్లోకాన్ని పక్కకు నెట్టి ఇదే ముందుకొచ్చేది. స్వామి ఏనాడూ జవాబు చెప్పలేదు. చెప్పవలసినవాడు తనేనేమో అని ఒక్కొక్కప్పుడు అనిపించేది. అనిపించగానే గబగబా మెట్లు దిగిపోయేవాడు.

విస్సన్నది మందు కార్ఖానాలో గేటు గుమాస్తా పని. ధవళేశ్వరానికి దిగువన, గోదావరి గట్టు పక్కన, పటాలాలకు తుపాకి మందు చేసి పంపే కార్ఖానా అది. మందు నూరేచోట ఇనుము ఉండకూడదు. ఇనుము రాతికి తగిలి ఒక్క రవ్వ లేచిందంటే అంతే. అందుకని పారలు చెక్కవి, మేకులు రాగివి. గానుగ తిప్పే ఎడ్లకు సైతం నాడాలు ఊడదీసేవారు. పనివాళ్ళు తాళంచెవులూ, చాకులూ, చుట్ట ముట్టించుకునే చెకుముకులూ, చెప్పులూ గేటులో పెట్టి, బదులుగా నంబరు చెక్కిన కొయ్యబిళ్ళ తీసుకుని, వట్టికాళ్ళతో లోపలికి వెళ్ళాలి. అదే నంబరు బిళ్ళ ఇంకొకటి వాళ్ళ వస్తువుకు కట్టి కొక్కేనికి తగిలించేవారు. ఏమీ పెట్టనివాడికి బిళ్ళ లేదు. ఆ గేటులో పెట్టిన వస్తువు ఏనాడూ పోలేదని విస్సన్నకు గొప్ప.

లోపలికి వెళ్ళే ప్రతివాడి నడుమూ తడిమి చూడాలని కంపెనీ నియమం. మాలపల్లె మనుషుల్ని మాత్రం విస్సన్న తడిమేవాడు కాదు. మడి చెడుతుంది. దూరంగా నిలబడి, "పంచెలు దులుపుకోండిరా" అనేవాడు. వాళ్ళు దులుపుకుని వెళ్ళిపోయేవారు.

రంప పితూరీ మొదలైన ఏడు, 1879 వేసవిలో, గానుగసాల పేలిపోయింది. నలుగురు చచ్చిపోయారు. ఆ నలుగురిలో మాలపల్లె లాజరు నడుంలో చెకుముకి దాచుకుని వెళ్ళాడనీ, మిగతా ముగ్గురి ప్రాణాలూ వాడి చుట్టకు బలైపోయాయనీ విచారణలో తేల్చారు. రేపు పొద్దున్న కార్ఖానా గేటు పక్కన చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థం రాతిఫలకం నిలబెడుతున్నారు. దానిమీద మూడే పేర్లు.

కిందటి వారం విస్సన్నను మనం ఏజెంటుగారి మేడమీద, తెరిచిన టేకు పెట్టె ముందు వదిలి వచ్చాం. ఏజెంటు గోపాలకృష్ణమూర్తి పంతులుగారు ఉద్యోగం విరమించి మద్రాసు వెళ్ళిపోతున్నారు. పెట్టెలు సర్దిపెట్టమని నమ్మకస్తుడైన గేటు గుమాస్తాను పిలిపించారు. శాలువాల కింద, కాగితాల కింద, అన్నిటికంటే అడుగున విస్సన్న చేతికి రెండు వస్తువులు తగిలాయి. ఒకటి నల్లటి ఇంగ్లీషు బూట్ల జత. రెండోది ఎర్రదారంతో శిలువ కుట్టిన చిన్న తోలుసంచి. అందులో చెకుముకిరాయి, ఉక్కుముక్క. సంచి మూతికి వేలాడుతూ కొయ్యబిళ్ళ. ముప్ఫైఒకటి.

ఆ శిలువ సంచి లాజరుదని కార్ఖానాలో తెలియనివారు లేరు.

"ఏమోయ్ విస్సన్నా, అయిందా?" అంటూ పంతులుగారు మెట్లెక్కి వచ్చారు. "శాలువాలు అడుగున పెట్టకు, నలుగుతాయి. రేపు దొరగారు ఒకటి కప్పుతారుట, దానికి కాస్త చోటుంచు."

విస్సన్న లేవలేదు. ఒక చేత్తో బూట్లు, ఒక చేత్తో సంచి పట్టుకుని నేలమీద అలాగే కూర్చున్నాడు.

"ఇవేంటండీ?"

పంతులుగారు వెనక్కి తిరిగి తలుపు దగ్గరికి వేశారు.

"అడుగుదాకా వెళ్ళమన్నానా నిన్ను?"

"సర్దమన్నారు. సర్దుతున్నాను. ఇవేంటండీ?"

"పాత బూట్లు."

"ఎడమ మడమకి ఇనపమేకు ఒకటి లేదండి."

"పాతవి కదూ. ఊడిపోయుంటుంది."

"ఎక్కడ?"

ఆ ఒక్కమాటా పద్దెనిమిదేళ్ళనుంచి లోపల నానుతున్నట్టుగా వచ్చింది. పంతులుగారు కుర్చీలో కూర్చున్నారు. అరవై రెండేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళప్పుడు ఈ కార్ఖానాలోనే మందులో కలిపే సూరేకారం తూచే పనిలో చేరారు. ఉత్తరాదిన సిపాయిలు తిరగబడ్డ ఏడు తూకం వదిలి లెక్కల గదిలోకి వెళ్ళారు. అబిసీనియా యుద్ధానికి హెడ్ గుమాస్తా, కాబూలు యుద్ధానికి ఏజెంటు. దొరలు ఎక్కడ యుద్ధం చేసినా ఇక్కడ పంతులుగారు ఒక మెట్టు ఎక్కారు. కంపెనీ మొత్తానికి పెద్ద అయిన మొట్టమొదటి తెలుగువాడు. రాబోయే బిరుదుల జాబితాలో రావు బహద్దూరు ఖాయమని రాజమహేంద్రవరంలో అందరూ అనుకుంటున్నారు.

"ఆ బూట్ల గురించి నీకేం తెలుసు?" అన్నారు పంతులుగారు. గొంతులో తప్పుచేసినవాడి వణుకు లేదు, కోపం ఉంది. "ఇరవై నాలుగేళ్ళు, విస్సన్నా! ఇరవై నాలుగేళ్ళు దొరల గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడ్డాను. వాళ్ళ బంట్రోతు జోళ్ళతో లోపలికి పోతాడు, నేను కాలే మెట్లమీద ఒంటికాలు మార్చి ఒంటికాలు వేసుకుంటూ ఉండాలి. లెక్కలు నావి, తెలివి నాది, కాళ్ళు కాలేవీ నావే. ఆ రోజు మద్రాసునుంచి ఉత్తర్వు వచ్చింది, నన్ను ఏజెంటుని చేశామని. నేను మొదట చేసిన పని బూట్లు తొడుక్కోవడం. బూట్లతో దొర గదిలోకి వెళ్ళాను. ఆయన లేచి చెయ్యి ఇచ్చాడు. ఆ ఊపుమీదే..."

"ఆ ఊపుమీదే గానుగసాలలోకి వెళ్ళారు."

"నా కార్ఖానా! నా కార్ఖానాలో నేను మళ్ళీ వట్టికాళ్ళతో నడవాలా?"

"ఎడ్లకి నాడాలు ఊడదీసిన చోటండీ అది!" విస్సన్న అరిచాడు. ఆ మేడమీద అతని గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. "నోరులేని పశువుకి తెలిసిన మర్యాద మీకు లేకపోయిందా?"

"గొంతు తగ్గించు. కింద మనుషులున్నారు."

"మేకు ఊడిన సంగతి ఎప్పుడు చూశారు?"

పంతులుగారు కిటికీవైపు తిరిగారు. గోదావరిలో టేకు తెప్పలు కదులుతున్నాయి. వాటిని లెక్కపెడుతున్నట్టు చూస్తూ, తిరగకుండానే చెప్పారు.

"తిరిగొచ్చి నా గదిలో కూర్చున్నాక. బూటు కింద పెడితే ఒకపక్కకి ఒరిగింది. తిప్పి చూశాను."

"అప్పటికింకా పేలలేదు."

"లేదు."

"గానుగ ఆపమని కబురు పెట్టలేదు."

"పెడదామనుకున్నాను! ఎలా పెట్టను? ఎందుకని అడిగితే ఏం చెప్పను? పొద్దున్న ఏజెంటునయ్యాను. మధ్యాహ్నానికి బూట్లతో మందుసాల తొక్కినవాణ్ణని చెప్పుకోనా? 'నేటివుకి పెద్దపని ఇస్తే ఇంతే' అని మద్రాసులో పళ్ళికిలించేవారు. మేకు ఏ దారిలోనో పడిపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఒక చుట్ట కాల్చేంతసేపు ఆలోచించాను, అంతే. ఆలోచిస్తూ ఉండగానే..."

చేత్తో గాలిలో ఏదో చూపించారు.

విస్సన్నకు కాళ్ళకింద ఆ రోజు అదిరిన నేల మళ్ళీ అదిరినట్టయింది. ఆ వేళ అతను రేవులో ఉన్నాడు. మధ్యాహ్న సంధ్యకు గేటు వదిలి వెళ్ళకూడదని నియమం. అయినా వెళ్ళేవాడు. గేటుకు లోపలి గొళ్ళెం పెట్టి, గదికి నదివైపునున్న చిన్నతలుపు గుండా రేవుకు దిగి, అరగంటలో వచ్చేసేవాడు. ఆ రోజు మొలలోతు నీళ్ళలో ఉండగా పేలింది. తడిబట్టలతో పరుగెత్తి వచ్చేసరికి గేటుగదిలో పంతులుగారు ఒక్కరే నిలబడి ఉన్నారు. "నువ్వు గేటు వదల్లేదు. అర్థమయిందా? వదల్లేదని రాసి సంతకం పెట్టు, నేను చూసుకుంటాను" అన్నారు. విస్సన్న ఆయన కాళ్ళమీద పడ్డాడు. అప్పుడు ఆయన కాళ్ళకు బూట్లు లేవు.

"సంచి ఎప్పుడు తీశారో ఇప్పుడు తెలిసింది," అన్నాడు విస్సన్న లేచి నిలబడుతూ. "నేను రేవులోంచి వచ్చేలోపు. కొక్కేనికి ఉన్నది తీసి జేబులో వేసుకుని, 'చెకుముకి వాడి నడుంలోనే ఉంది' అని రాయించారు. నేను వాణ్ణి పొద్దున్న ముట్టుకోలేదు. ముట్టుకుని చూసుంటే దొరికేదేమో, నలుగురూ బతికేవారేమో అని నేను పద్దెనిమిదేళ్ళు కుళ్ళిపోయాను. మీరు నన్ను కాపాడారనుకున్నాను పంతులుగారూ! ఏటా మీ గోత్రం చెప్పి కోరుకొండలో అష్టోత్తరం చేయించాను. మీ పేర! స్వామి ఎంత నవ్వుకుని ఉంటాడు!"

"నిన్ను కాపాడలేదా? నీ ఉద్యోగం ఉందా లేదా?"

"నన్ను చూపించి మిమ్మల్ని మీరు కాపాడుకున్నారు. సరే, ఈ సంచి గోదాట్లో పారెయ్యక ఎందుకు దాచారు?"

పంతులుగారు ఈసారి చాలా నెమ్మదిగా అన్నారు. "రెండుసార్లు పడవెక్కాను, పారేద్దామని. చెయ్యి రాలేదు."

ఆ మాటకు విస్సన్న మనసు ఒక్క వీసమెత్తు మెత్తబడింది. వెంటనే ఆ మెత్తదనం మీదే అతనికి కోపం వచ్చింది.

"రాతిమీద నాలుగో పేరు వేయించండి."

"చెక్కడం అయిపోయింది. రేపు ఎనిమిది గంటలకి దొరగారు తెర తీస్తారు."

"అయితే నేను అక్కడే చెప్తాను."

"చెప్పు." పంతులుగారు కుర్చీలోంచి లేచారు. ఆ రెండడుగుల్లోనే ఆయనలోకి ఏజెంటు దర్పం తిరిగొచ్చింది. "ఏమని చెప్తావోయ్? గేటు వదల్లేదని దేవుడి సాక్షిగా సంతకం పెట్టినవాడివి నువ్వు. ముందు అబద్ధాలకోరువి నువ్వవుతావు. ఇంకో మాట కూడా విను. నేను గేటు విరగ్గొట్టుకుని లోపలికి వెళ్ళలేదు. గొళ్ళెం లోపలుంది. లాజరు గంజి తాగడానికి ఇంటికి వెళ్ళి, ఆ సంచితో తిరిగొచ్చాడు, నాకంటే ముందు. వాడికీ ఎవరో తీశారు. వాడి సంచి ఎవరో అందుకున్నారు, బిళ్ళ ఎవరో ఇచ్చారు. నువ్వు రేవులో ఉన్నావు కదా. ఆ గదిలో ఎవరున్నారు?"

విస్సన్న సంచికున్న బిళ్ళవైపు చూశాడు.

"ఆ వేళ నీకు మడిబట్ట తెచ్చిపెట్టింది ఎవరోయ్? ఇంటికెళ్ళి అడుగు. నా బూట్లు చూసి, 'బాబుగారూ, కాళ్ళకున్నవి విడవండి' అందావిడ. వినకుండా వెళ్ళాను. రేపు నువ్వు నోరు తెరిస్తే నేనూ తెరుస్తాను. పద్దెనిమిదేళ్ళు తెలిసి కూడా ఊరుకున్నవాళ్ళు నీ ఇంట్లోనే ఉన్నారు."

సంపూర్ణమ్మ! తన ఇల్లాలు! ఆ రోజు మడిబట్ట దండెం మీద వేసి వెంటనే వచ్చేశానని చెప్పింది. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పింది. తర్వాత తర్వాత అడిగితే ఏడ్చేది, అందుకని అడగడం మానేశాడు.

పంతులుగారు చెయ్యి చాపారు. "ఆ రెండూ పెట్టెలో పెట్టెయ్. ఇద్దరం ముసలివాళ్ళం అయిపోయాం."

విస్సన్న తన బొడ్లోంచి బిళ్ళల గుత్తి తీశాడు. ఒక జంట విప్పాడు. ఒక బిళ్ళ బూట్ల తాళ్ళకు ముడి వేశాడు. రెండోది బల్లమీద, పంతులుగారి కళ్ళజోడు పక్కన, టక్కుమని పెట్టాడు.

"ఇవి ఆ రోజే గేటులో పెట్టి వెళ్ళవలసినవి. ఆలస్యం అయింది. ఇదిగో మీ బిళ్ళ. కావలసినప్పుడు గేటుకొచ్చి, అందరి ముందూ అడిగి పట్టుకెళ్ళండి."

"విస్సన్నా!"

"పోగొట్టనండి. మా గేటులో వస్తువు పోదు. ఒక్కటే పోయింది ఇన్నేళ్ళలో. అదీ దొరికింది."

మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలుపులు వినబడుతూనే ఉన్నాయి. బూట్లు చంకలో పెట్టుకుని, సంచి గుప్పిట్లో పట్టుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో గట్టెక్కాడు. ఇల్లు ఎడమవైపు. అతని కాళ్ళు కుడివైపు తిరిగాయి. సంపూర్ణమ్మ ముఖం ఇప్పుడు చూడలేడు. చూస్తే ఏం అడుగుతాడో, ఆవిడేం చెబుతుందో అతనికే భయంగా ఉంది. ముందు ఇవ్వవలసినది ఇచ్చెయ్యాలి.

లాజరు పెళ్ళాం సూరమ్మ మిషను బడి వెనకాల పాకలో ఉంటోంది. విచారణ అయిన వారానికే కార్ఖానా పాకలోంచి ఆవిణ్ణి పంపేశారు. చర్చిలో సైతం ఆవిడ కూర్చున్న వరుసలో మిగతా ముగ్గురి ఆడవాళ్ళూ కూర్చోరని విస్సన్న విన్నాడు. వాకిట్లో తాటాకు చాప అల్లుతున్న మనిషి తలెత్తి చూసి, కళ్ళమీద చెయ్యి అడ్డుపెట్టుకుంది.

"ఎవరండీ? గేటు అయ్యగారా! ఏంటి బాబూ, దారి తప్పారా?"

"తప్పింది ఇప్పుడు కాదు సూరమ్మా."

"ఆయ్, తెలిసింది లెండి ఎందుకొచ్చారో. రేపు రాయి పెడుతున్నారంట కదండి. నేనొచ్చి మధ్యలో శోకాలు పెట్టకూడదని చెప్పమన్నారా ఏజెంటుగారు? చెప్పండాయనకి, నేను రాను. ముగ్గుర్ని మింగినోడి పెళ్ళాన్ని. నాకక్కడ పనేంటండీ?"

చెబుతూనే ఉంది, వేళ్ళు తాటాకు మడతపెడుతూనే ఉన్నాయి.

"లాజరు దగ్గర ఒక బిళ్ళ ఉండాలి," అన్నాడు విస్సన్న.

వేళ్ళు ఆగిపోయాయి.

"ఇప్పుడా అడగడం?" అంది సూరమ్మ. గొంతు పెరగలేదు. ఆ నెమ్మదే విస్సన్నను చెంపమీద కొట్టినట్టుంది. "పాదిరిగారు ఆయన గుప్పిట విప్పదీస్తే అందులో ఉందండి. ఆ సాయంత్రమే గేటు దగ్గరికొచ్చి అరిచాను. మా ఆయన పుట్టాక కాలికి చెప్పు ఎరగడు, మరి ఏం పెడితే ఈ బిళ్ళ ఇచ్చారో చెప్పండి బాబూ అని అరిచాను. గొంతు పోయేదాకా అరిచాను. మీరు గదిలోనే ఉన్నారు. తలుపేసుకున్నారు."

నిజమే. ఆ అరుపులు అతనికి గుర్తున్నాయి. మాటలే గుర్తులేవు. మాటలు చెవిన పడకుండా తలుపేసుకుని విష్ణుసహస్రనామం గట్టిగా చదువుకున్నాడు. వెయ్యి నామాలూ పూర్తి చేసి బయటికి వచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. ఆ రోజు దేవుడు తన మొర విన్నాడనుకున్నాడు. గేటు బయట మొర పెట్టుకున్నది ఎవరో ఇప్పుడు తెలుస్తోంది. భగవంతుడు ఆ వేళ తలుపుకి ఏ వైపున నిలబడ్డాడు?

"లాజరు తప్పేం లేదు సూరమ్మా," అన్నాడు. "సంచి గేటులో పెట్టే వెళ్ళాడు. లోపలికి ఇనుము పట్టుకెళ్ళినవాళ్ళు వేరే. ఇవిగో, ఈ బూట్లు. ఏజెంటుగారివి. మేకు ఊడి గానుగలో పడింది. రేపు అందరి ముందూ చెప్తాను. గేటు వదిలిపెట్టానని నా తప్పూ చెప్తాను."

సూరమ్మ ఆ బూట్లవైపు చూసింది. వాటిమీద ఉమ్మేస్తుందేమో అనుకున్నాడు. ఉమ్మలేదు. ఎడమ మడమ తిప్పించి, మేకులేని చిల్లులో చిటికెనవేలు పెట్టి చూసింది.

"ఇంతేనా? ఇంత చిన్నదా?" అంది. చాలాసేపు ఆ చిల్లులోంచి వేలు తియ్యలేదు.

తర్వాత అంది, "రేపు నేనూ వస్తానండి. మీరేం చెప్తారో చెవులారా వింటాను. చెప్పకపోతే నేనే మొదలుపెడతాను. అమ్మగార్ని కూడా తీసుకురండి."

"ఎవర్ని?"

"మీ ఇంటావిణ్ణండి. ఏటా ఈస్టరుకి ముందు పెరటిదారిని వచ్చి నా గడపలో కొత్తచీర పెట్టి పోతారు. ఎందుకమ్మా అంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తారు. నేనూ ఇంకేం అడగలేదు. ఒక్కటీ కట్టలేదు. అన్నీ అలాగే ఉన్నాయి. పద్దెనిమిది."

విస్సన్న పాక గుంజ పట్టుకుని నిలబడ్డాడు. పంతులుగారి మాట ఇంకా అబద్ధం కావచ్చునని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు. ఆ ఆశ కాస్తా పోయింది. సాయంత్రం ఇంటికి వెళ్ళాలి. వెళ్ళి, మడిబట్ట ఆరేస్తున్న ఆ మనిషి ఎదుట నిలబడి అడగాలి.

సూరమ్మ లోపలికి వెళ్ళి బైబిలు తెచ్చింది. మధ్యలో పేజీలు బిళ్ళ ఆకారంలో నొక్కుకుపోయి ఉన్నాయి. అంచు కాలి నల్లబడ్డ బిళ్ళ. అంకె మాత్రం చెక్కుచెదరలేదు. అలవాటు ప్రకారం వంగి, అతనికి రెండు బారల దూరంలో నేలమీద పెట్టబోయింది.

"కింద పెట్టకు," అన్నాడు విస్సన్న. "చేతికియ్యి."

ఆవిడ వంగినది వంగినట్టే ఉండి చూసింది. అతను చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. బిళ్ళ అరచేతిలో పడింది. ఆవిడ వేళ్ళు గరుకుగా తగిలాయి. విస్సన్న సంచికి కట్టిన బిళ్ళ పక్కన దాన్ని పెట్టి చూశాడు. రెండూ ఒకే కొయ్యలోంచి కోసినవి, పీచు పీచుకీ కలిసింది.

రోజూ సాయంత్రం గేటులో పిలిచే గొంతుతోనే పిలిచాడు.

"ముప్ఫైఒకటి. లాజరు. చెకుముకి సంచి ఒకటి."

సూరమ్మ రెండు చేతులూ పట్టింది. సంచి ఆ చేతుల్లో పెట్టాడు.

"అందిందా?"

"అందిందండి," అంది సూరమ్మ.